‘ది హే వెయిన్’ చిత్రంలో బండి నీళ్లలో ఎందుకు ఉంది?

జాన్ కాన్‌స్టబుల్ 1821లో గీసిన ఈ చిత్రంలో బండి ఏరు దాటుతోంది. అది ఇంగ్లండులోని స్టౌర్ నది, ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు దగ్గర. ఆ మిల్లు కాన్‌స్టబుల్ తండ్రిదే. ఎడమవైపు కనిపించే ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది. అంటే చిత్రకారుడు చిన్నప్పటి నుంచి రోజూ చూసిన చోటే ఇది.

బండి ఖాళీగా ఉంది చూడండి. కుడివైపు దూరంగా పచ్చికబయల్లో మనుషులు గడ్డి కోస్తున్నారు, బండి అటే వెళుతోందనుకోవచ్చు. ఎండకి చెక్క చక్రాలు ఎండిపోతే ఇనుప పట్టాలు వదులవుతాయి, అందుకే కాసేపు నీళ్లలో నానబెడుతున్నారని కూడా కొందరంటారు. ఎడ్లబండి తెలిసినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆకాశం. వాన వస్తుందో రాదో తేల్చని మబ్బులు, వాటి కింద ఆకుల మీద చిన్నచిన్న తెల్లరంగు చుక్కల తడి మెరుపు. దాదాపు ఆరడుగుల వెడల్పున్న ఈ చిత్రాన్ని ఊళ్లో గీసుకున్న నమూనాల సాయంతో లండన్‌లో పూర్తి చేశాడు. 1824లో సలోన్ అనే పారిస్ చిత్రకళా ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.