ప్రకాశం బ్యారేజీ, ప్రశ్నల బ్యారేజ్: రెండూ ఒకే మాటేనా?

మీరు అడిగింది: ఇంగ్లిష్ పేపర్లలో 'మిస్సైళ్ల బ్యారేజ్', 'ప్రశ్నల బ్యారేజ్' అని రాస్తుంటారు, స్పెల్లింగ్ మన ప్రకాశం బ్యారేజీదే, మరి నది మీద కట్టడానికీ బాంబుల వర్షానికీ సంబంధం ఏంటి, ఇంటర్వ్యూలో దాన్ని ఎలా పలకాలి అని.

ఒకే మాటండీ, అనుమానం అక్కర్లేదు. నేను కృష్ణకు అవతలి ఒడ్డున సీతానగరం వైపు పెరిగాను, ఇప్పుడు బెజవాడలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

మూలం ఫ్రెంచ్‌లో ఉంది. అక్కడ 'బార్' అంటే అడ్డంగా పెట్టిన కర్ర, గడియ లాంటిది. దాని నుంచి అడ్డుకోవడం అనే క్రియ, అందులోంచి బ్యారేజ్. కోర్టు బార్, బారిస్టర్ కూడా ఆ కర్ర నుంచి పుట్టినవే. అన్నట్టు టంగుటూరి ప్రకాశం పంతులు గారు బారిస్టరే, అంటే ఆయన చదువూ ఆయన పేరు పెట్టిన కట్టడమూ ఒకే ధాతువు నుంచి వచ్చాయన్నమాట.

నదికి అడ్డుకట్ట అన్న అర్థమే ఇంగ్లిష్‌లో ముందు వచ్చింది, 19వ శతాబ్దంలో. అయితే డ్యామ్ వేరు, బ్యారేజీ వేరు, ఇది పట్టుకుంటే మిగతాది తేలిక. నాగార్జునసాగర్‌లా నీళ్లు పెద్దఎత్తున దాచిపెట్టడం బ్యారేజీ పని కాదు, గేట్లు దించి నీటిమట్టం కాస్త పైకి లేపి కాలవల్లోకి మళ్లించడమే. బెజవాడ వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలవలు, మా వైపు పశ్చిమ డెల్టా కాలవలు. ఇక్కడ 1855లో పూర్తయిన పాతది ఆనకట్టే, గేట్ల బ్యారేజీ కాదు. 1952లో అది తెగిపోయాకే 70 గేట్లతో ఇప్పుడున్నది కట్టారు, 1957లో పూర్తయింది. ఎండాకాలంలో బ్యారేజీ మధ్యలో నిలబడి చూడండి, పైన నీళ్లు నిండుగా కదలకుండా ఉంటాయి, కింద ఇసుక తేలి మధ్యలో సన్నటి పాయలు పారుతుంటాయి. అడ్డుకోవడం అంటే ఏంటో అక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇక యుద్ధం సంగతి. చాలామంది బ్యారేజ్ అంటే శత్రువు మీద ఎడాపెడా కాల్చడం అనుకుంటారు, మొదట్లో అది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ వాళ్లు ఒక వరస నేల మీద ఆపకుండా ఫిరంగి గుండ్లు పడేలా కాల్చేవాళ్లు, దాన్ని దాటి శత్రు సైనికులు ముందుకు రాకూడదు, ముందు వరసలో ఉన్న శత్రువులకు వెనక నుంచి సాయం అందకూడదు. అంటే గుండ్లతో కట్టిన గోడ. దాన్ని వాళ్ల భాషలో అడ్డుకట్ట కాల్పులు అనేవారు, ఇంగ్లిష్ వాళ్లు అందులోంచి బ్యారేజ్ ఒక్కటీ తీసుకున్నారు. 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం నాటికి ఆ గోడనే కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ దాని వెనక తమ సైన్యాన్ని నడిపించే పద్ధతి కూడా వచ్చింది, అక్కడికి అడ్డుకోవడం కాస్తా దాడి అయిపోయింది. చూసేవాళ్లకు గోడ కనిపించదు కదా, గుండ్ల జోరే కనిపిస్తుంది, అందుకే 'ఒకదాని వెంట ఒకటి ఊపిరాడకుండా' అన్న అర్థం స్థిరపడింది. ప్రశ్నల బ్యారేజ్, ఫిర్యాదుల బ్యారేజ్ అక్కడి నుంచే. మన పేపర్లు రాసే 'ప్రశ్నల వర్షం' దీనికి సరిగ్గా సరిపోతుంది.

పాత అర్థం పూర్తిగా పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద ఉక్కు తీగలతో కట్టి ఎగరేసిన పెద్ద బెలూన్లను బ్యారేజ్ బెలూన్లు అన్నారు. అవి ఎవరినీ కాల్చవు, విమానాలు కిందికి దిగి ఎగరకుండా అడ్డం ఉంటాయి, అంతే.

పరీక్షలో పర్యాయపదం అడిగితే వాక్యం చూసుకోండి. నీటి గురించైతే, అచ్చంగా ఒకటే కాకపోయినా, డ్యామ్, వియర్ (తక్కువ ఎత్తు ఆనకట్ట) లాంటివి వెతకండి, మాటలో గుండ్లో అయితే వాలీ, బాంబార్డ్‌మెంట్. పలకడం గురించి టెన్షన్ వద్దు. బ్రిటిష్ వాళ్లు రెండు అర్థాలకూ మొదటి అక్షరం నొక్కి 'బ్యారాజ్' అంటారు, అమెరికా వాళ్లు ప్రశ్నలకీ గుండ్లకీ రెండో అక్షరం నొక్కి 'బరాజ్' అంటారు. ఇంటర్వ్యూలో వీటిలో ఏదన్నా పర్లేదు. బెజవాడలో ఆటో ఎక్కినప్పుడు మాత్రం బ్యారేజీ అనే చెప్పండి.