గుట్టల దారిలో ఏటీవీ: ఏ టైరు? ఎంత గాలి?

ప్రశ్న: దేవరకొండ దగ్గర గుట్ట వాలులో మాకు మామిడి తోట ఉంది. డ్రిప్పు సామాను, ఎరువు బస్తాలు మోయడానికి 4×4 ఏటీవీ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే, గుట్టలెక్కే చిన్న బండి) వాడుతున్నాం. టైర్లు ముందు 25×8-12, వెనక 25×10-12. రెండు టైర్ల సైడ్‌వాల్ (పక్క గోడ) తెగింది, ముందు రిమ్ము అంచు లోపలికి వంగింది. మడ్ టైర్లు వేస్తే గట్టిగా ఉంటాయంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: మడ్ టైర్లు వద్దు. బురద అంటుకోకుండా ఊడిపోవాలని వాటి గుబ్బలను ఎత్తుగా, దూరదూరంగా పోస్తారు. పరుపు బండ మీద ఆ గుబ్బల కొసలు మాత్రమే ఆనుతాయి. పట్టు దొరకదు, అంచులు పెచ్చులుగా లేస్తాయి. గుబ్బలు దగ్గరగా ఉండే ఆల్ టెరెయిన్ (అన్నిరకాల నేలకూ పనికొచ్చే) రకం తీసుకోండి.

మీ టైర్లు తెగింది అడుగున కాదు, పక్కన. అందుకే ప్లై రేటింగ్ 8 ఉన్నది చూడండి. అది బలం లెక్కే తప్ప లోపల ఎనిమిది పొరలున్నాయని కాదు. కొనేముందు సైడ్‌వాల్ మీద వేలు పెట్టి రిమ్ము వైపు తడమండి. చివర్లో చుట్టూ ఉబ్బెత్తుగా రబ్బరు కట్ట తగలాలి. అది రిమ్ము అంచుకన్నా బయటికి ఉంటే రాయి దెబ్బ మొదట రబ్బరు మీద పడుతుంది. బరువైన టైరు కాబట్టి కుదుపు కొంచెం పెరుగుతుంది, తప్పదు.

సైజు మాత్రం మార్చకండి. 25 బదులు 26 అంగుళాల ఎత్తుది వేసినా బండి లేచేది అరంగుళమే, ఇంజను శక్తిని చక్రాల వైపు పంపే బెల్టు మీద భారం అదనం. ముందు జత ఎత్తు, వెనక జత ఎత్తు వేరువేరైతే 4×4లో డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) దెబ్బతింటుంది.

ఇక రిమ్ము. చాలాసార్లు దాన్ని వంచేది రాయి కాదు, తక్కువ గాలి. గాలి చాలకపోతే రాయి తగిలినచోట టైరు రిమ్ము దాకా అణిగిపోతుంది. పాత టైరు ఇంకా ఉంటే చూడండి: పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువైనట్టు. ఒకటే పొడవాటి గాటు ఉంటే పలుగురాయి కోసినట్టు.

గాలి ఎంతన్నది బండి మీది స్టిక్కరులో ఉంటుంది, ఈ తరహా బండ్లకు సాధారణంగా 5 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). రాళ్ల దారికి దానిపైన ఒకటి పెంచవచ్చు, టైరు మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. మరీ పెంచితే బండి రాయి మీద ఎగిరిపడుతుంది. పెట్రోలు బంకు మీటరు ఇంత తక్కువను సరిగా చూపదు. 0–15 పీఎస్‌ఐ గేజీ ఒకటి కొనుక్కోండి. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. 6 ఉన్న టైరు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.4 పెరుగుతుంది. ఎక్కువైందని మధ్యాహ్నం ఎండలో గాలి వదిలితే, మర్నాడు గాలి తక్కువైన చల్లటి టైరుతోనే రాళ్లెక్కుతారు.

వంగింది ఇనుప రిమ్మయితే, టైరు విప్పి, అంచును సుత్తితో నెమ్మదిగా సరిచేయించవచ్చు. గాలి ఎక్కించాక సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అల్యూమినియందయితే కొట్టించొద్దు, పగులుతుంది. మారిస్తే ఇనుముదే మేలు.

ప్రశ్న: సర్కారు తుమ్మ ముళ్లకు టైరులో సీలెంట్ (రంధ్రాలు పూడ్చే జిగురు) పోస్తే చాలా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: అడుగున ముల్లు దిగిన సన్న రంధ్రాలకు చాలు. సైడ్‌వాల్ గాటును ఆపదు. తర్వాత ప్యాచ్ వేయించాల్సివస్తే లోపలి జిగురంతా తుడిచాకే వేయించండి, లేకపోతే ప్యాచ్ అతకదు.