జి28 ఇస్తే టూల్ కిందికెందుకు దిగింది?

ప్రశ్న: నమస్తే సార్. మాది కోరాపుట్ జిల్లా జయపురం. ఐటీఐ అయ్యాక ఇక్కడే ఒక చిన్న వర్క్‌షాపులో ఏడాదిగా వీఎంసీ (ప్రోగ్రామ్ ప్రకారం లోహాన్ని కోసే నిలువు మిల్లింగ్) మెషిన్ మీద పనిచేస్తున్నాను. ఇంట్లో తెలుగు, షాపులో ఒడియా, మాన్యువల్ ఏమో ఇంగ్లీషు, అందుకే మీకు రాస్తున్నాను. మొన్న సొంతంగా రాసిన ప్రోగ్రామ్ సిమ్యులేషన్‌లో బాగానే తిరిగింది, జాబ్ (కోసే ముక్క) కూడా బాగా కట్ అయింది. చివర్లో టూల్‌ని జెడ్50కి (జెడ్ అంటే టూల్ పైకీ కిందికీ కదిలే దిశ) లేపి, పక్కకి తెచ్చి, హోమ్‌కి (మెషిన్ అసలు స్థానానికి) పంపడానికి ‘జి28 జెడ్0’ అని రాశాను. పైకి పోవాల్సింది సర్రున దిగి, జాబ్‌ని పట్టి ఉంచే క్లాంప్‌ని కొట్టింది. 12 ఎంఎం కార్బైడ్ ఎండ్‌మిల్ (కోసే టూల్) రెండు ముక్కలైంది. ఆ డబ్బు జీతంలో పట్టుకుంటామంటున్నారు. ఒకటే టెన్షన్. తప్పెక్కడుంది?

జవాబు: తమ్ముడూ, ముందు నీకు దెబ్బ తగల్లేదు, అది చాలు. తప్పు ఆ చివరి లైనులోనే ఉంది. జి28 అంటే నేరుగా హోమ్‌కి పొమ్మని కాదు, ముందు నువ్విచ్చిన పాయింటుకి పోయి అక్కణ్ణుంచి హోమ్‌కి పొమ్మని. నీ ప్రోగ్రామ్ జి90లో (కొలతలన్నీ సున్నా పాయింటు నుంచి లెక్కించే మోడ్‌లో) నడుస్తోంది కాబట్టి జెడ్0 అంటే నువ్వు జి54లో (జాబ్ సున్నా పాయింటుని గుర్తుంచే సెట్టింగులో) పెట్టుకున్న సున్నా, అంటే జాబ్ పైముఖం. అక్కడికి రాపిడ్‌లో (పూర్తి వేగంతో) దిగబోతే, జాబ్ కన్నా ఎత్తుగా ఉన్న క్లాంప్ అడ్డొచ్చింది. సిమ్యులేషన్‌కి క్లాంప్ సంగతి నువ్వు చెప్పలేదు కదా, దానికి అక్కడ ఖాళీ చోటే కనిపించింది.

‘జి91 జి28 జెడ్0’ అని రాయి. జి91లో కొలతలు టూల్ ఉన్నచోటి నుంచే లెక్క, అప్పుడు సున్నా అంటే ఉన్నచోటే, కదలకుండా అక్కణ్ణుంచే పైకి పోతుంది. ఆ వెంటనే జి90 రాయడం మాత్రం మర్చిపోకు, మర్చిపోతే తర్వాత వచ్చే మూవ్‌లన్నీ జి91లోనే నడిచి ఇంకో యాక్సిడెంట్ అవుతుంది. అసలు ప్రతి ప్రోగ్రామ్ మొదట్లోనే జి21 జి40 జి49 జి80 జి90 లైను (ఎంఎం కొలత పెట్టి, పాత ఆఫ్‌సెట్‌లు, డ్రిల్లింగ్ సైకిళ్లు రద్దు చేసి, జి90కి తెచ్చేది) పెట్టుకుంటే పాత మోడ్‌లు వెంటాడవు. ఇంకొకటి, ఫానుక్ కంపెనీ కంట్రోల్‌లో సెట్టింగును బట్టి చుక్క లేని జెడ్50 అంటే 0.050 ఎంఎం అయ్యే వీలుంది, అందుకని ‘50.’ అని చుక్కతోనే రాయి.

కొత్త ప్రోగ్రామ్‌కి సింగిల్ బ్లాక్ (ఒక్కో లైనుకి ఆగే మోడ్) వేసి, రాపిడ్ ఓవర్‌రైడ్‌ని (రాపిడ్ వేగం తగ్గించే స్విచ్‌ని) అట్టడుగుకి దించి, ఒక వేలు ఫీడ్ హోల్డ్ (కదలికని ఆపే బటన్) మీద పెట్టి నడుపు. అనుమానమొచ్చిన బ్లాక్ కదలగానే ఆపి, స్క్రీన్ మీద ‘డిస్టెన్స్ టు గో’ (ఇంకా కదలాల్సిన దూరం) చూడు. పైకి పోవాల్సిన చోట జెడ్ ఎదురుగా మైనస్ ఉంటే రీసెట్ కొట్టెయ్.

జీతంలో పట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. ఏడాది అనుభవమున్న కుర్రాడు సొంతంగా రాసిన ప్రోగ్రామ్‌ని పక్కన నిలబడి చూడాల్సిన పెద్దవాళ్లు షాపులో ఉండాలి, ఈ మాట ఓనర్‌గారితో మర్యాదగానే చెప్పు. ఇంకో జాబ్ ఎక్కించే ముందు డయల్ గేజ్ (సన్న తేడాల్ని ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి, టూల్ కూర్చునే స్పిండిల్ టేపర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి, ముల్లు ముందుకన్నా ఎక్కువ ఊగితే మెషిన్ ఆపి సర్వీస్ వాళ్లని పిలిపించాల్సిందే.