నాలా అయిపోయింది అంటున్నారు, సర్టిఫికెట్‌లో కన్జర్వేషన్ జోన్ అని ఉంది: ఏది నమ్మాలి?

హైదరాబాద్ శివారులో శామీర్‌పేట దాటాక ఆరు గుంటలు, అంటే 726 గజాలు చూశారు. అమ్మేవాళ్లేమో "నాలా అయిపోయింది, ఇక రెసిడెన్షియలే" అంటున్నారు, అంటే సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్పించేశాం అని. మీరు తీయించిన ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌లో "కన్జర్వేషన్ జోన్" అని వచ్చింది. ఏది నమ్మాలి అని అడిగారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. ఇల్లు కట్టుకోవాలంటే మాత్రం మీరు చూడాల్సింది రెండోది.

నాకిది డబ్బులు పోయాకే అర్థమైంది. 2018లో నేనూ మా బావమరిదీ కలిసి అటువైపే పది గుంటలకు రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. మధ్యవర్తి ఆర్డీవో ప్రొసీడింగ్స్ చూపించాడు. వ్యవసాయేతర అవసరాలకు మార్చినట్టు అందులో స్పష్టంగా ఉంది. వ్యవసాయేతరం అంటే ఇల్లే కదా అనుకున్నాం. ప్లాన్ గీసే ఇంజనీరు దగ్గరికి వెళితే, ఆయన ఆ కాగితం పక్కన పెట్టి "జోన్ ఏంటి?" అని అడిగాడు. అప్పటిదాకా ఆ మాట మాకు తెలియనే తెలియదు.

నాలా అని అందరూ పిలిచే ఈ మార్పిడికి 2006 నాటి చట్టం ఉంది, రెవెన్యూ శాఖ చూసుకుంటుంది. దాని దృష్టిలో భూమి రెండే రకాలు: సాగు భూమి, సాగుది కానిది. ఫీజు కట్టి మొదటి రకం నుంచి రెండో రకంలోకి మారతారు, అంతే. అక్కడ ఇల్లు కట్టొచ్చా, గోడౌన్ కట్టొచ్చా అన్నది ఆ కాగితం తేల్చదు. అది తేల్చేది హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, వేసిన మాస్టర్ ప్లాన్. ఇప్పుడు నడుస్తున్నది 2031 వరకు వేసింది, 2013 జనవరిలో నోటిఫై చేశారు. రెసిడెన్షియల్, పెరి అర్బన్, మాన్యుఫాక్చరింగ్, కన్జర్వేషన్ లాంటి జోన్లన్నీ అందులోవే. రెవెన్యూ వాళ్లూ హెచ్‌ఎండీఏ వాళ్లూ "ల్యాండ్ యూజ్" అనే అంటారు కానీ మొదటివాళ్లు చెప్పేది రికార్డులో భూమి ఏ రకం అన్నది, రెండోవాళ్లు చెప్పేది ప్లాన్ ప్రకారం అక్కడ ఏం రావాలి అన్నది.

కన్జర్వేషన్ అన్న పేరు చూసి చాలామంది అడవి అనుకుంటారు. అడవికి వేరే జోన్ ఉంది. ఇది ప్రధానంగా సాగు కోసం ఉంచిన భూమి. కొత్త లేఅవుట్ వేసి ప్లాట్లు అమ్ముకోవడానికి కాదు. పాత ఊరు ఉన్న గ్రామకంఠం సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలిపి మాట్లాడేవాళ్లతో జాగ్రత్త. "సీఎల్‌యూ చేయిస్తాం", అంటే జోన్ మార్పిస్తాం అని కూడా అంటారు. జోన్ మార్పు తహసీల్దారు చేతిలో ఉండదు. హెచ్‌ఎండీఏ పరిశీలించాలి, అభ్యంతరాలు పిలవాలి, చివరికి ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. మాకూ అదే మాట చెప్పారు. ఎనిమిది నెలలు తిరిగితే లక్ష వెనక్కి వచ్చింది, ఇంకో లక్ష రాలేదు.

దగ్గర్లో చెరువు ఉందని రాశారు కాబట్టి ఇంకో మాట. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అదే జీవో 168లో, బఫర్‌ను, అంటే చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగాను, ఎఫ్‌టీఎల్ గీత నుంచి కొలుస్తారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. సైట్ చూపించేవాళ్లు ఎండాకాలంలో తీసుకెళ్లి, నీళ్లు కనిపించే చోటి నుంచి అడుగులు వేసి చూపిస్తారు! ఆ లెక్క చెల్లదు. ఆ జీవో మొదట్లో నిర్వచనాలు ఉంటాయి, ఓపిగ్గా చదవండి. అక్కడ లేని పదానికి సంబంధిత స్థానిక సంస్థ నిబంధనల్లోనో నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనో ఉన్న అర్థం తీసుకోవాలి.

ఇంకొకటి, పెద్ద సర్వే నంబరైతే ఒకే నంబరులో రెండు జోన్లు పడొచ్చు. మీరు దరఖాస్తు చేసినప్పుడు మీ ఆరు గుంటలు ఎక్కడున్నాయో స్కెచ్ పెట్టారా? పెట్టకపోతే పెట్టి మళ్లీ తీయించండి, మీ ముక్క రెసిడెన్షియల్ వైపు ఉండే అవకాశం కొట్టిపారేయలేం. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే, జోన్ రెసిడెన్షియల్ కాదని తేలితే మొత్తం డబ్బు తిరిగిస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మా అగ్రిమెంట్‌లో ఆ ముక్క లేదు.