టెక్ సందేహాలు: థీమ్ అప్‌డేట్ కాగానే మార్పులన్నీ మాయం

ప్రశ్న: వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో మా ఊరి గ్రంథాలయానికి వెబ్‌సైట్ తయారుచేశాను. సైటు రూపాన్ని నిర్ణయించే థీమ్ ఫైళ్లు తెరిచి రంగులు, శీర్షికల సైజు, పేజీ అడుగున చిరునామా అన్నీ మార్చుకున్నాను. మొన్న థీమ్ అప్‌డేట్ చేయగానే అంతా మొదటికొచ్చింది. పోయినవి తిరిగి వస్తాయా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ హోస్టింగ్ ఖాతాలో బ్యాకప్ ఉందేమో చూడండి. అప్‌డేట్‌కు ముందటి కాపీ దొరికితే అందులోంచి థీమ్ ఫోల్డరును మాత్రమే కంప్యూటర్‌లోకి దించుకోండి. సైటు మొత్తాన్ని వెనక్కి తిప్పితే ఈలోగా పెట్టిన పోస్టులు కూడా పోతాయి. బ్యాకప్ లేకపోతే ఆ మార్పులు మళ్లీ చేసుకోవలసిందే. అప్‌డేట్ అంటే పాత ఫోల్డరును తీసేసి ఆ స్థానంలో కొత్తది పెట్టడమే. అందులో మీరు ఎక్కడ ఏం మార్చారో వర్డ్‌ప్రెస్ చూడదు. అద్దె ఇంటి గోడ మీద రాసుకున్న లెక్కలు యజమాని సున్నం వేయిస్తే మిగలవు కదా, ఇదీ అంతే. అలాగని అప్‌డేట్లు ఆపేయకండి. భద్రతా లోపాలకు సవరణలు వాటితోనే వస్తాయి.

ఈసారి చైల్డ్ థీమ్ పెట్టుకోండి. అంటే అసలు థీమ్ (పేరెంట్) మీద ఆధారపడుతూ, మీ మార్పులను మాత్రం విడి ఫోల్డరులో ఉంచుకునే థీమ్. థీమ్స్ ఫోల్డరులో కొత్త ఫోల్డరు ఒకటి తెరిచి, అందులో స్టైల్ డాట్ సీఎస్ఎస్ అనే ఫైలు (రంగులు, సైజుల నియమాలు రాసే స్టైల్‌షీట్) పెట్టాలి. దాని తలభాగంలో కామెంటుగా రెండు వరుసలు చాలు: ఒకటి మీ థీమ్ పేరు, రెండోది ‘టెంప్లేట్’ అనే వరుస. ఈ రెండో వరుసలోనే ఎక్కువమంది పొరబడతారు. అక్కడ రాయాల్సింది తెరమీద కనిపించే థీమ్ పేరు కాదు, అసలు థీమ్ ఉన్న ఫోల్డరు పేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నబడి, పెద్దబడి అక్షరాలు కూడా మారకుండా, ఉన్నదున్నట్టు రాయాలి. ఒక్క అక్షరం తప్పినా పేరెంట్ థీమ్ లేదంటూ వర్డ్‌ప్రెస్ మొరాయిస్తుంది.

చైల్డ్ థీమ్ ఆన్ చేశాక పేజీ రంగూ రూపూ లేకుండా కనిపిస్తే కంగారు పడకండి. కొన్ని థీమ్‌లలో పేరెంట్ స్టైల్‌షీట్ దానంతటదే లోడ్ కాదు. చైల్డ్ థీమ్‌లో ఫంక్షన్స్ ఫైలు (థీమ్ చేయాల్సిన పనులకు కోడ్ రాసే ఫైలు) పెట్టి, ముందు పేరెంట్‌ది, తర్వాత మీది లోడయ్యేలా రాసుకోవాలి. పేరెంట్ ఫంక్షన్స్ ఫైలును మాత్రం ఎప్పుడూ కాపీ చేయకండి. రెండు ఫైళ్లూ నడుస్తాయి కాబట్టి ఒకే ఫంక్షన్ రెండుసార్లు ఎదురై సైటు ఆగిపోతుంది.

పేజీలోని భాగాల నిర్మాణం రాసి ఉండే టెంప్లేట్ ఫైళ్ల సంగతి వేరు. పేజీ అడుగుభాగం మార్చాలంటే ఫుటర్ ఫైలును చైల్డ్ థీమ్‌లోకి కాపీ చేసి దిద్దుకోవచ్చు. అదే పేరున్న ఫైలు రెండుచోట్లా ఉంటే వర్డ్‌ప్రెస్ చైల్డ్‌లోదే తీసుకుంటుంది. అయితే ఆ ఫైలుకు పేరెంట్‌లో వచ్చే సవరణలు ఇకమీద మీకు అందవు. అందుకే అవసరమైన ఒకటి రెండు ఫైళ్లకు మించి కాపీ చేయవద్దు.

రంగులు, సైజులే మార్చాలనుకుంటే ఇదంతా అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లో సైటు రూపం మార్చుకునే తెర అయిన కస్టమైజర్‌లో ‘అడిషనల్ సీఎస్ఎస్’ అనే పెట్టె 2016లో వచ్చిన 4.7 వెర్షన్ నుంచీ ఉంది. అందులో రాసింది డేటాబేస్‌లో నిలుస్తుంది, థీమ్ అప్‌డేట్ దాన్ని తాకదు. కానీ ఆ రాత ఆ ఒక్క థీమ్‌కే చెందుతుంది. థీమ్ మారిస్తే వర్తించదు. 2022 జనవరిలో 5.9తో వచ్చిన సైట్ ఎడిటర్‌లో దిద్దిన టెంప్లేట్లూ డేటాబేస్‌లోనే ఉంటాయి, అయితే అది బ్లాక్ థీమ్‌లకే (పేజీ భాగాలన్నీ బ్లాకులుగా కట్టిన థీమ్‌లు). మీ గ్రంథాలయానికి నా సలహా: రంగులకు ఆ పెట్టె, చిరునామా కోసం ఫుటర్ ఒక్కటి ఉన్న చైల్డ్ థీమ్.

ప్రశ్న: మా పత్రిక సైటులో శీర్షికల కింద వత్తులు తెగిపోతున్నాయి. ఫాంటు మార్చినా అంతే.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఫాంటును అనుమానించే ముందు వరుసల ఎత్తు చూడండి. చాలా థీమ్‌లు ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని శీర్షికలకు లైన్ హైట్ 1.1, 1.2 అని పెడతాయి. ‘రాష్ట్రం’ అని రాస్తే ‘ష’ కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. అంత లోతుకు ఆ ఎత్తులో చోటు లేదు. దానికి తోడు ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచే నియమం) అని కూడా ఉంటే కిందికి దిగినదంతా కోతకు గురవుతుంది. శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.8 దగ్గర మొదలుపెట్టి కంటికి నప్పేలా సర్దుకోండి. పిక్సెళ్లు కాకుండా ఒట్టి అంకె రాయండి. అప్పుడు అక్షరాల సైజు మారినా ఎత్తు దాన్నిబట్టే మారుతుంది. అక్షరాల మధ్య అదనపు ఎడం ఉంటే సున్నా చేయండి. తెలుగుకు ఇటాలిక్ కూడా వద్దు. చాలా తెలుగు ఫాంట్లలో ఆ రూపమే ఉండదు, బ్రౌజర్ అక్షరాలను బలవంతంగా పక్కకు వంచుతుంది.

స్టైల్‌షీట్‌లో ఫాంట్ల పేర్లు రాసే వరుసలో తెలుగు ఫాంటు పేరు తప్పకుండా ఇవ్వండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు లేకపోతే ఒక్కో పాఠకుడికి వారి ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉన్న ఫాంటు కనిపిస్తుంది, మీరు సర్దిన ఎత్తు అక్కడ సరిపోకపోవచ్చు. తెలుగు చదివేవారికి వత్తు తెగిన పదం అచ్చుతప్పుతో సమానం. పత్రిక నడిపేవారు దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ప్రశ్న: స్టైల్‌షీట్‌లో మార్చింది సైటులో కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: పాత కాపీ క్యాష్‌లో (పేజీలు త్వరగా తెరుచుకోడానికి దాచే తాత్కాలిక నిల్వలో) ఉండిపోయి ఉంటుంది. బ్రౌజర్‌లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి, క్యాష్ ప్లగిన్ ఉంటే అదీ ఖాళీ చేయండి. అప్పటికీ రాకపోతే మీ నియమాన్ని మరో బలమైన నియమం తొక్కేస్తోందన్నమాట. ఆ అక్షరాల మీద కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కితే, ఓడిపోయిన నియమం మీద అడ్డగీత కనిపిస్తుంది. గెలిచినదాని సెలెక్టర్‌ను (నియమం ఏ భాగానికి వర్తిస్తుందో చెప్పే మొదటి మాటలను) కాపీ చేసుకుని మీ స్టైల్‌షీట్‌లో రాయండి. ప్రతిదానికీ, మిగతా నియమాలను తోసేసి నెగ్గే ‘ఇంపార్టెంట్’ అనే మాట తగిలించడం అలవాటు చేసుకుంటే మొబైల్ తెరకు విడిగా రాసిన నియమాలు కూడా పనిచేయడం మానేస్తాయి.