పాత చెక్క కిటికీలకి రోలర్ మెష్ పెట్టించుకోవచ్చా?

రాయగడ నుంచి అడిగారు కదా, తాతగారి నాటి చెక్క కిటికీలకి చుట్టుకునే దోమతెర పెట్టిస్తే డబ్బు దండగా, చుట్టూ సన్నటి చెక్క పట్టీ (బీడింగు) వేసి మేకులు కొట్టే మామూలు మెష్ చాలదా అని. చాలదండీ. మీది ఊచల కిటికీ, రెక్కలు బయటకి తెరుచుకునే కిటికీ అయితే అస్సలు చాలదు. రోలరే పెట్టించండి. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. అత్తవారిది పాత పెంకుటిల్లు. కిటికీలు మన వైపు అందరి ఇళ్ళలో ఉండేవే. మధ్యలో నిలువు ఊచలు, బయటకి తెరుచుకునే రెండు రెక్కలు, తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా గోడకి కొక్కెం. రెక్కలు బయట ఊగుతాయి కాబట్టి మెష్ బయట బిగించడానికి వీల్లేదు, లోపలి వైపే కొట్టాలి. కానీ రెక్క మూయాలంటే ఊచల మధ్య నుంచి చెయ్యి బయటపెట్టి కొక్కెం తీసి, రెక్క లాక్కుని, గడియ పెట్టాలి. మధ్యలో మేకులు కొట్టిన మెష్ ఉంటే చెయ్యి ఎలా వెళ్తుంది? మెష్ కొట్టించిన రోజుతో ఆ రెక్కల పని అయిపోయినట్టే. మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో చూశానో, రెక్కలు బయట ఎండకి వానకి పాడైపోతుంటాయి, లోపల మెష్‌కి ప్లాస్టిక్ పట్టా కట్టుకుని వానాకాలం గడుపుతుంటారు. మా ఇంట్లోనూ అదే తీరు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. పదకొండో తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పలాస మాకు ఎంత దూరమని! తుఫాను వస్తోందని ముందురోజే చెప్పారు కాబట్టి మా మావయ్యగారు సాయంత్రం వీధిలోకి వెళ్ళి, బయట నుంచే రెక్కలన్నీ మూసి, గడియ పెట్టే దారి లేక బైండింగ్ వైరుతో రెక్కకీ రెక్కకీ ముడి వేసి వచ్చారు. చీకటి విడకముందే గాలి మొదలైంది. ఆ హోరు విన్నవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. పడమటింటి కిటికీకి వేసిన వైరు ఒక్క ఊపుకి తెగిపోయింది. రెక్క వెళ్ళి గోడకి కొట్టుకుంటోంది, మళ్ళీ వచ్చి చట్రానికి కొట్టుకుంటోంది. వాన అడ్డంగా లోపలికి కొడుతోంది. మంచం, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ గదిలోనే. మా ఆయనా మా మరిదీ దుప్పటి పట్టుకుని అడ్డం నిలబడ్డారు. మావయ్యగారు "ఆ తెర కోసేయండ్రా!" అని అరిచారు. నేను వంటింట్లోంచి చాకు తెచ్చిచ్చాను. మావయ్యగారే మెష్‌ని నిలువునా చీల్చి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, రెక్క వచ్చినప్పుడల్లా పట్టుకోబోయారు. మూడోసారో నాలుగోసారో దొరికింది గానీ ఆ పట్టుకోవడంలో రెక్క ఆయన మణికట్టు మీదే పడింది. అయినా వదల్లేదు. లాగి గడియ పెట్టారు. చెయ్యి బాగా వాచిపోయింది. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి.

తర్వాత వచ్చిన రాత్రులు ఇంకా పాడు. స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. ఎక్కడ చూసినా నిలవ నీరు. చిరిగిన మెష్‌లోంచి దోమలు దండుగా వస్తున్నాయి. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దోమలు. పడుకునేటప్పుడు మంచానికి దోమతెర ఉంది, సరే. అంతకు ముందు, పొద్దుగూకిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏం చేస్తాం? కాయిల్ వెలిగించాం. మా అత్తయ్యగారు ఆయాసం మనిషి. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో ఆ పొగకి ఆవిడ దగ్గిన దగ్గు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. చివరికి ఆవిణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. మన ప్రాంతంలో సాయంత్రం అయిదింటికల్లా కిటికీలు మూసేయడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. దోమలు వస్తాయమ్మా, మూసేయ్. కొండగాలి దిగే వేళే అది, ఇల్లు చల్లబడాల్సిన వేళ. ఆ వేళలో మూసి, లోపల కాయిల్ వెలిగించి, పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ అందులోనే కూర్చోబెడతాం. ఇది ఆరోగ్యం ఎలా అవుతుంది? సాయంత్రం కిటికీ తెరిచి ఉండాలి. దానికోసమే దోమతెర. నా దృష్టిలో రోలర్ మెష్ అలంకారం కాదు, పట్నంవాళ్ళ సోకు కాదు.

మంచానికి కట్టే తెర ఉండగా కిటికీకి ఎందుకు అంటారు. మంచం తెర నిద్రపోయే మనిషిని కాపాడుతుంది, దాన్ని తక్కువ చేయను. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ అనే మలేరియా నిర్మూలన కార్యక్రమంలో కొండ గ్రామాల్లో రక్త పరీక్షలు చేసి, మందులిచ్చి, మందు పట్టించిన తెరల వాడకం నేర్పారు. మన కోరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి వైపు మన్యం జ్వరం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి దాని విలువ తెలుసు. కానీ వంట చేసే మనిషి, చదువుకునే పిల్లాడు, టీవీ ముందు కూర్చున్న తాతగారు మంచం తెరలో ఉండరు కదా. మలేరియా దోమ రాత్రి కుడుతుంది. మురిక్కాలవల్లో పెరిగి బోదకాలు అంటించే దోమదీ రాత్రి పనే. గంజాం, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళలో బోదకాలు చూడని వీధి ఉండేది కాదు. డెంగీ దోమది వేరే తీరు, అది పగలే కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం ముందూ మరీ ఎక్కువ. అందుకే చీకటి పడ్డాక తెర దింపుతాం అంటే కుదరదు. కిటికీ తెరిచి ఉన్నంతసేపూ తెర దిగే ఉండాలి.

ఇల్లంతా జాలి బిగిస్తే జ్వరం రాదన్నది కొత్త మాటేం కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూశాడని బళ్ళో అందరం చదివాం. ఆ తర్వాతి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రాస్‌కి దారి చూపించిన పాట్రిక్ మాన్సన్ 1900లో లూయీ సాంబన్, జార్జ్ లో అనే ఇద్దరు డాక్టర్లని ఇటలీ పంపించాడు. రోమ్ దగ్గర ఆస్టియా వైపు చిత్తడి నేలల్లో, మలేరియాకి పేరుపడ్డ చోట, తలుపులకీ కిటికీలకీ తీగ జాలి వేసిన చెక్క ఇంట్లో వాళ్ళని ఉంచాడు. పగలు బయట తిరిగేవారు. పొద్దుగూకేసరికి లోపలికి వచ్చి, తెల్లారేదాకా బయటకి రాలేదు. మలేరియా మందు క్వినైన్ కూడా వేసుకోలేదు. చుట్టుపక్కల జనం జ్వరాలతో పడుకుంటే ఈ ఇద్దరూ ఆ కాలమంతా బాగానే ఉన్నారు. నూట పాతికేళ్ళ కిందటే తేలిన విషయం మన ఇళ్ళలోకి ఇంకా పూర్తిగా రాలేదంటే బాధగా ఉంటుంది. స్లాబు వేయడానికి లక్షలు పెడతాం, పాలరాయి పరుస్తాం, కిటికీ దగ్గరకొచ్చేసరికి పాత చీర ముక్క కడతాం.

ఇక మీ కిటికీల సంగతి. రోలర్ మెష్ అంటే పైన ఒక అల్యూమినియం డబ్బా, అందులో స్ప్రింగ్ ఉన్న గొట్టానికి చుట్టుకున్న తెర. రెండు పక్కలా తెర అంచులు జారే గాడులు, అంటే ఛానళ్ళు, వాటి లోపల సన్నటి బ్రష్. కింద పట్టీ లాగి గడపకి తగిలిస్తే తెర నిలబడుతుంది. వదిలితే కొలత టేపులాగ పైకి లాక్కుపోతుంది, అందుకే చేత్తో పట్టుకుని మెల్లగా వదలాలని పిల్లలకి మొదటిరోజే చెప్పండి. రెక్క మూయాల్సి వస్తే తెర పైకి పంపి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి మూసుకోవడమే. తుఫాను గాలికి తెర మాత్రం దింపి ఉంచకండి, గాలి నెట్టి ఛానల్లోంచి బయటకి లాగేస్తుంది. తెర ఎత్తి రెక్కలు మూయాలి.

అసలు తంటా అంతా కొలత దగ్గరే. పాత ఇళ్ళ చట్రాలు చెక్క వంగి, గోడ కుంగి మూలలు సరిగ్గా ఉండవు. మా ఇంటికి వచ్చిన పనివాడు మధ్యలో ఒక్క చోట వెడల్పు కొలిచి పుస్తకంలో రాసేసుకున్నాడు. మా వీధి చివర ఉండే వడ్రంగి తాత అది చూసి, "అలా కాదయ్యా, పైనా మధ్యనా కిందా మూడు చోట్ల కొలువు, మూల నుంచి ఎదుటి మూలకి రెండు వైపులా కొలువు" అని మూలమట్టం తెచ్చి పెట్టి చూపించాడు. పైకీ కిందకీ అర అంగుళం పైనే తేడా! అలాగే బిగించి ఉంటే ఒక పక్క ఛానల్‌కీ చట్రానికీ మధ్య దోమలకి సందు వదిలినట్టే. ఆ తాతే చట్రం లోపలి వైపు సన్నటి టేకు పట్టీలు చిత్రిక పట్టి కొట్టి, నాలుగు మూలలూ సరిచేసి ఇచ్చాడు. ఆ తర్వాతే రోలర్ ఎక్కించాం. ఇలాంటి వడ్రంగులు తగ్గిపోతున్నారు. పెద్ద ఊళ్ళ నుంచి వచ్చే ఫిట్టర్లకి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలే అలవాటు, చెక్క చూస్తే నురుగు సీలెంటు కొట్టి పోదామని చూస్తారు. మీ వైపు పాత వడ్రంగి ఎవరైనా ఉంటే ముందు ఆయన్ని పిలవండి, మెష్ వాళ్ళని తర్వాత.

తెర గుడ్డ ఫైబర్‌గ్లాస్‌దే రోలర్‌కి సరిపోతుంది. అంగుళానికి 18 గళ్ళు ఒక వైపు, 16 గళ్ళు ఇంకో వైపు ఉండేది మామూలుగా వస్తుంది, దోమ దూరదు. ఇంకా సన్నటిది వేయమంటారు కొందరు అమ్మేవాళ్ళు. వద్దండీ. ఈ మామూలు దాంట్లోనే దారాల మందం తీసేస్తే గాలి పోవడానికి మూడింట రెండు వంతుల జాగానే మిగులుతుంది, ఇంకా సన్నం చేస్తే మనం తెర పెట్టిందే గాలి కోసం కదా, అదే పోతుంది. దసరా దీపావళి మధ్య పొలాల నుంచి లైటుకి వచ్చే పచ్చపురుగులు ఒకటీ అరా దూరినా ఆ కొద్ది వారాలూ కిటికీ పక్క లైటు ఆర్పుకుంటే పోతుంది. ఉసిళ్ళు మాత్రం ఒక్కటి కూడా రాదు. తొలకరికి అన్నం కంచంలో ఉసిళ్ళు పడని ఇల్లు అయిపోయింది మాది.

ఎలుకలూ ఉడతలూ ఉంటే ఫైబర్‌గ్లాస్‌ని కొరుకుతాయి. వంటింటి కిటికీ ఒక్కదానికి మేం స్టీలు జాలి తలుపు చేయించాం, లోపలికి తెరుచుకునేలా బందులు పెట్టి. అది రోలర్ కాదు కానీ పని అదే చేస్తుంది. వీధి తలుపుకి రోలర్ వద్దు, మడతలు పడే ప్లీటెడ్ మెష్ వేయించండి. అది ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది, స్ప్రింగ్ లాగదు, ముసలివాళ్ళకి సులువు. మరీ వెడల్పు కిటికీకి ఒకే తెర ఒప్పుకోకండి, మధ్యలో ఒక పట్టీ పెట్టించి రెండు చేయించండి. వెల్క్రోతో అంటించేవి అద్దె ఇళ్ళకి సరే, మన ఉక్కకి కొన్నాళ్ళకే జిగురు ఊడిపోతుంది.

నెలకోసారి ఛానళ్ళలో పొడి బ్రష్ పెట్టి దుమ్ము తీయండి. తెర దింపి సబ్బు నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే పైకి పంపండి. తడిగా చుట్టేస్తే బూజు పడుతుంది. ఛానల్లో కొబ్బరినూనె, మిషను నూనె పోయకండి, దుమ్మంతా అక్కడే పేరుకుని తెర బిగుసుకుపోతుంది.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. బిగించిన రోజు రాత్రి వీధి లైటు లేని వైపు కిటికీకి తెర దింపి, గదిలో లైటు వేసి, ఫిట్టర్‌ని వెంటబెట్టుకుని బయటకి వెళ్ళి చూడండి. తెర గుండా వచ్చే వెలుతురు సమానంగా ఉంటుంది. అంచుల వెంట, డబ్బా పక్కన, గడప దగ్గర ఎక్కడైనా వెలుతురు గీత గీసినట్టు గట్టిగా కనబడితే అక్కడ సందు ఉన్నట్టు. సుద్దముక్కతో గుర్తు పెట్టించి, ఆ చోటల్లా బ్రష్ గానీ పట్టీ గానీ వేయించి, మర్నాడు రాత్రి మళ్ళీ చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.