ఖార్ఘర్ వెళ్తున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి,

మీ అత్త దీవించి రాయునది. ముంబై పక్క ఖార్ఘర్‌లో టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రిలో బ్లడ్ క్యాన్సర్, కణ చికిత్స వార్డులో నీకు ట్రైనింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ముందు వీధంతా చెప్పొచ్చాను. ఇంటికొచ్చి కూర్చున్నాక టెన్షన్ మొదలైంది. ఆ వార్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు కదే!

నువ్వు పంపిన పీడీఎఫ్‌లు ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. మనిషి రక్తంలోంచి టి కణాలనే తెల్లకణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ల్యాబ్‌లో వాటికి జన్యువు చేర్చి, మళ్లీ ఆ మనిషికే ఎక్కించడాన్నే కార్-టి అంటారట! 2024 ఏప్రిల్‌లో మన మయూర్‌భంజ్ ఆడపడుచు ముర్ము గారు ముంబైలో మన దేశపు కార్-టి చికిత్సను ప్రారంభిస్తుంటే టీవీలో చూశాను. మా ఇంటి పిల్ల అందులోకే వెళ్తుందని అప్పుడు అనుకోలేదు.

చేతులు కడుక్కోవడం, పేరూ నంబరూ రెండో నర్సుతో కలిసి సరిచూడడం నీకు చెప్పక్కర్లేదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరంలోకే, వెన్నులోకి పోతే ప్రాణమే పోతుంది. చిన్న సెలైన్ సంచీలో కలిపిస్తే ఆ పొరపాటుకు చోటుండదు. ఎవరైనా సిరంజిలో తెచ్చి చేతిలో పెడితే, పెద్ద డాక్టరైనా సరే, ఆపి అడుగు. కీమో ముట్టుకునేటప్పుడు గ్లోవ్స్, గౌను మానకు. మేం కిటికీ పక్కన బల్ల వేసుకుని వట్టి చేతులతో కలిపేవాళ్లం, చెప్పేవాళ్లే లేరు.

కణాల సంచీకి తెల్లకణాలను ఆపే ఫిల్టర్ పెట్టకూడదు. రక్తం ఎక్కించి ఎక్కించి అలవాటైన చెయ్యి దానంతటదే ఆ సెట్టు అందుకుంటుంది, జాగ్రత్త. ఎక్కించేదే తెల్లకణాలాయె. కణాలను గడ్డకట్టించేటప్పుడు కలిపే మందు వల్ల వెల్లుల్లి వాసన వస్తుంది. ఇంటివాళ్లకు ముందే చెప్పు, లేకపోతే సంచీ పాడైందని గోల పెడతారు.

ఇక ఒక్క సంగతి పొడుగ్గా రాస్తాను, విసుక్కోకు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి, పేరెందుకులే, గుమ్మ వైపు కొండల నుంచి ఒక సవర పిల్లాడొచ్చాడు. ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్. కీమో అయ్యాక తెల్లకణాలు అడుగంటాయి. రాత్రి డ్యూటీ సిస్టరు మంచం దగ్గరికెళ్లి తల్లిని ఒడియాలో అడిగింది, ‘బాగున్నాడా? జ్వరం లేదు కదా?’ అని. ఆవిడ తల ఊపింది. థర్మామీటర్‌లో 99 ఉంది. ‘నో కంప్లైంట్స్’ అని చార్టు మీద రాసి పక్క మంచానికి వెళ్లిపోయింది. తెల్లవారుజామున చూస్తే కాళ్లూ చేతులూ చల్లబడి ఉన్నాయి, బీపీ దొరకలేదు. సవర వచ్చిన ఆయా ఒకామె వచ్చి అడిగితే, తల్లి కొంగు ముడి విప్పి సగం జ్వరం బిళ్ల చూపించింది. మిగతా సగం సాయంత్రం ఒళ్లు కాలిపోతోందని వేసిందట. సంతలో కొన్న బిళ్ల.

తెల్లకణాలు లేనివాడికి జ్వరమే మొదటి కబురు, ఒక్కోసారి అదొక్కటే. అది తెలిసిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. వాడికి రాత్రంతా పోయింది. పిల్లాడు దక్కలేదు. వార్డంతా తల్లినే తిట్టారు, చదువు లేకపోతే ఇంతే అని. నాకు ఒళ్లు మండిపోయింది. జ్వరం లేదు కదా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. పైగా ఆవిడకు ఒడియా సంతలో బేరానికి సరిపడా వచ్చు, అంతే. ఆ ఆయా రాత్రి కూడా వార్డులోనే ఉంది. ఆమెను పిలవాలని ఒక్కరికీ తోచలేదు.

నీ పేపర్లలో ఆ పది మార్కుల పరీక్ష చూడగానే ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. కార్-టి తర్వాత మెదడు మీద దెబ్బ పడుతుందేమోనని రోజూ అడుగుతారట కదా: ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి, మూడు వస్తువుల పేర్లు, చెప్పిన పని చేయడం, ఒక వాక్యం రాయడం, నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం. మన జయపురం నుంచి వచ్చిన ముసలావిడను హిందీలో అడిగితే ఎన్ని మార్కులొస్తాయి? ఇరవైల లెక్కన లెక్కపెట్టే సవర పెద్దాయన తొంభై దగ్గరే తడబడతాడు. మతి చక్కగా ఉన్నవాళ్లకు మార్కులు తగ్గుతాయి, సరే. నా భయం రెండో వైపుది. ‘వీళ్లకు భాష రాదులే’ అని నిజంగా తడబడుతున్నవాళ్లను కూడా వదిలేస్తారు.

అందుకే కణాలు ఎక్కించక ముందే ఆ మనిషి భాషలో మొత్తం ఒకసారి అడిగించి చార్టులో పెట్టు. రాత వచ్చినవాళ్ల చేత ఒక వాక్యం రాయించి, రోజూ దాని కిందే మళ్లీ రాయించు. మాట బాగానే ఉన్నా ఒక్కోసారి రాత ముందే వంకర పోతుంది. రాత రానివాళ్ల చేత ఏం చేయించాలో డాక్టర్లతో ముందే తేల్చుకో. ఈరోజు మాటతీరు ఎప్పటిలాగే ఉందా అని పక్కనున్నవాళ్లను అడుగు.

కార్-టి అయ్యాక జ్వరమొస్తే అది ఆ కణాలు చేసే హడావుడో ఇన్ఫెక్షనో మంచం పక్కన నిలబడి తేల్చలేవు. రెండింటికీ పరిగెత్తాలి. ఆ హడావుడిని అణచే తోసిలిజుమాబ్ వార్డులో సిద్ధంగా ఉందో లేదో ముందే చూసుకో. అది కీళ్లవాతం మందు. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నపిల్లకు కార్-టి అయ్యాక ప్రాణం మీదికొచ్చినప్పుడు అదే నిలబెట్టిందని చదివి ఆశ్చర్యపోయాను.

నీకు అడగడానికి మొహమాటం. బరంపురం హాస్టల్లో నూట మూడు జ్వరంతో ఎవరికీ చెప్పకుండా పడుకుంటే, మీ నాన్న అర్ధరాత్రి బస్సెక్కి రావలసి వచ్చింది. అక్కడ ఆ వేషాలు కుదరవు. తెలియనిది తెలియదని సీనియర్లతో చెప్పు, తిడితే తిట్టనీ. దగ్గూ జలుబూ ఉన్నరోజు వార్డులో అడుగు పెట్టకు, సెలవడుగు.

ఒడిశా నర్సింగ్ రిజిస్ట్రేషన్ కాపీలు రెండు సెట్లు పెట్టుకో. పలాసలో కోణార్క్ ఎక్కే ముందు మీ అమ్మ ఇచ్చే పచ్చడి సీసా మూత చూసుకో, పోయినసారి బట్టలన్నీ నూనె. నాకు ఫోన్ చెయ్యి. నైట్ డ్యూటీ దిగి వస్తూ దారిలో కాదు, నిద్రపోయి లేచి తిన్నాక.

మీ అత్త